హెలికాప్టర్ల లెక్క కాదు, సిద్ధంగా ఉన్నవాటి లెక్క చెప్పండి

గౌరవనీయులైన రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,



2023 జులైలో భూపాలపల్లి జిల్లా నైన్‌పాక దగ్గర వరద చుట్టుముడితే ఆరుగురు ఒక జేసీబీ మీదికెక్కి నిలబడ్డారు. వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వాళ్లను కాపాడింది. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ కోసం మంత్రులే ప్రయత్నించారు. వాతావరణం బాగాలేక అది రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను ఒడ్డుకు తెచ్చాడు. ఒక ఏడాది జేసీబీ మీదున్నవాళ్లను హెలికాప్టర్ కాపాడితే, మరుసటి ఏడాది హెలికాప్టర్ కోసం ఆకాశం వంక చూసినవాళ్లను జేసీబీ కాపాడింది.

నేను వైమానిక దళంలో హెలికాప్టర్ల మీద టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఖమ్మంలోనే ఉంటున్నాను. మున్నేరు వరద తర్వాత టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతివాళ్లూ నన్నే నిలదీశారు: "ఇన్ని హెలికాప్టర్లు పెట్టుకుని ఒక్కటీ పంపలేకపోయారేం?" ఆ మబ్బులో, ఆ వానలో ఎగరమని ఏ పైలట్‌నూ అడగకూడదని వాళ్లకు చెప్పాను, అదే మాట ఇక్కడా చెబుతున్నాను. 2013 జూన్ 25న ఉత్తరాఖండ్‌లో గౌరీకుండ్ దగ్గర సహాయానికి వెళ్లిన ఎంఐ-17 వి5 హెలికాప్టర్ కూలిపోయి 20 మంది చనిపోయారు. ఎగరకూడదని తేల్చుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

కానీ జనం అడిగే ప్రశ్నలో ఒక న్యాయముంది. వాళ్లకు తెలిసేది రెండే ముక్కలు: వచ్చింది, రాలేదు. వాతావరణం తెరిపి ఇచ్చినా ఆ పూట ఎన్ని యంత్రాలు ఎగరగలిగేవి, వాటిలో ఎన్నింటికి పనిచేసే వించ్ (మనిషిని తాడుతో పైకి లాగే యంత్రం) ఉంది, ఆ వించ్ నడపడంలో చేయి తిరిగినవాడు డ్యూటీలో ఉన్నాడా అన్నది బయటివాళ్లెవరికీ చెప్పరు. మన దగ్గర ఫలానా దళానికి ఇన్ని హెలికాప్టర్లున్నాయని పార్లమెంటులో చదువుతారు. హ్యాంగర్‌లో పనిచేసినవాడికి ఆ అంకె వింటే నవ్వొస్తుంది. ఎగరగలిగే యంత్రం, పనిచేసే వించ్, సాధన తప్పని సిబ్బంది, ఈ మూడూ ఒకే ఉదయం ఒకే చోట దొరికితేనే దాన్ని రెస్క్యూ హెలికాప్టర్ అనాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

వించ్ సంగతి కొంచెం దగ్గరగా చూపిస్తాను. మనిషిని పైకి లాగే ఆ ఉక్కు తాడు మందం చాలా రకాల్లో సుమారు 5 మిల్లీమీటర్లు. చిటికెన వేలికంటే సన్నం. విప్పి చూస్తే లోపల 133 సన్న తీగలు పురి తిరిగి ఉంటాయి. బయటి పొర ఒకవైపు, లోపలి పొర రెండోవైపు. బరువు పడ్డప్పుడు తాడు గిర్రున తిరగకుండా ఈ ఎదురు పురే ఆపుతుంది. అందుకే ఈ తాడు ఎంత బలమైనదో అంత సున్నితమైనది. ఒక్కసారి డ్రమ్ము మీద వదులుగా చుట్టుకుందా, తలుపు అంచుకు రాసుకుందా, బరువు లేకుండా జారి ఒక్కసారిగా బిగిసిందా, ఆ గాయం కంటికి కనపడకుండా ఉండిపోవచ్చు.

దాన్ని పట్టుకోవడానికి ముందుగా నమ్ముకునేది చేతినే. తాడు మొత్తం బయటికి తీస్తారు. ఒకడు తెల్లటి నూలు గుడ్డ వేళ్లకు చుట్టుకుని తాడును నెమ్మదిగా జారనిస్తాడు. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ పోగు దానికి తగులుకుంటుంది. అక్కడ ఆగి, భూతద్దం పెట్టి చూసి, మందం కొలిచి, పుస్తకంలో రాసి, సంతకం పెడతారు. పూర్తిగా చేస్తే గంటలు పడుతుంది. సముద్రం మీద పనిచేసి వచ్చిన తాడునైతే ముందు మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాత మాన్యువల్ చెప్పిన మేరకే నూనె పట్టించాలి. ఉప్పు ఒక రాత్రి ఆగితే చాలు, పని మొదలుపెట్టేస్తుంది. కొక్కెం తిరుగుతోందా, దాని నాలుక పూర్తిగా మూసుకుంటోందా, ప్రమాదంలో తాడును తెంపే గుండు గడువు దాటిందా, నడుముకు కట్టే పట్టీల కుట్లు ఎండకు పాడయ్యాయా, ఇవన్నీ వేరే జాబితా. ఇంజన్ చెడితే యంత్రం లేవదు, అందరికీ తెలుస్తుంది. పట్టీ కుట్టు ఊడితే యంత్రం శుభ్రంగా లేస్తుంది. తెలిసేది కింద వేలాడుతున్న మనిషికే.

2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని దేవఘర్ దగ్గర త్రికూట్ కొండ రోప్‌వేలో జనం ఇరుక్కుపోయారు. వైమానిక దళం, దాని గరుడ్ కమాండోలు రెండు రోజులు శ్రమించి ముప్పై మందికి పైగా కాపాడారు. పైన తీగలు, పక్కన కొండ, మధ్యలో ఊగే ట్రాలీ. అక్కడ నిలకడగా హోవర్ చేయడం, అంటే గాల్లో ఒకే చోట నిలవడం, ఎంత కష్టమో ఎగిరినవాళ్లకే తెలుసు. అయినా ఆ రెండు రోజుల్లో ఇద్దరు పైకి చేర్చే ప్రయత్నంలోనే జారిపడి చనిపోయారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. తలుపుకూ మనిషికీ మధ్య మిగిలే ఆఖరి మీటరు ఎంత దూరమో దేశమంతా టీవీలో చూసింది. ఆ మీటరు మీద పెట్టే ఖర్చెంత, దానికోసం చేయించే సాధన ఎంత అన్నదే నా ప్రశ్న.

ఇక సాధన. హోవర్‌లో ఉన్నప్పుడు పైలట్‌కు తన కింద ఏముందో కనపడదు. తలుపు దగ్గర బోర్లా పడుకున్న వించ్ ఆపరేటరే అతని కళ్లు. ముందుకు మూడు, రెండు, ఒకటి, ఆగు, కుడికి అర మీటరు, అలాగే ఉంచు అంటూ ఒకే గొంతుతో చెబుతూ పోవాలి. ఆ గొంతులో తొట్రుపాటు వస్తే పైలట్ చేతిలోనూ వస్తుంది. తాడుతో కిందికి దిగే డైవర్‌కు వేరే చిక్కులు. తాడులో కూడిన విద్యుత్తు కొట్టకుండా కొక్కెం ముందు నీటికో నేలకో తగలనివ్వాలి. భయంతో మెడను పట్టుకుని వేలాడే మనిషిని విడిపించి పట్టీ వేయాలి. రెక్కల గాలికి పెంకులు, రేకులు లేస్తుంటే ఆ గోలలో సైగలతో మాట్లాడాలి. 2018లో కేరళ వరదల్లో నౌకాదళం ఒక నిండు గర్భిణిని పైకి లాగిన దృశ్యం అందరికీ గుర్తుంది. ఆమె కొన్ని గంటల్లోనే ప్రసవించింది. అంత చక్కగా జరిగిందంటే దాని వెనక పేపర్లో పడని సాధన చాలా ఉంటుంది.

ఇది ఈత లాంటి విద్య కాదు, ఒకసారి వస్తే పోదనుకోవడానికి. కొన్ని నెలలు మానేస్తే మందగిస్తుంది. యంత్రాలు ఆగి సాధన కూడా ఆగిపోయే పరిస్థితి మన దేశానికి ఈ మధ్యే ఎదురైంది. 2024 సెప్టెంబర్ 2న పోర్‌బందర్ తీరానికి దూరంగా ఒక ట్యాంకర్‌లో గాయపడిన నావికుడిని తీసుకురావడానికి వెళ్లిన కోస్ట్ గార్డ్ ఏఎల్‌హెచ్ (ధ్రువ్) హెలికాప్టర్ సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కరే బతికారు. 2025 జనవరి 5న అదే పోర్‌బందర్‌లో ఇంకో ఏఎల్‌హెచ్ శిక్షణ సార్టీలో రన్‌వే మీద కూలి ముగ్గురు చనిపోయారు. స్వాష్‌ప్లేట్ విరగడం దాని దర్యాప్తులో బయటపడింది. పైలట్ చేతి కదలికను తిరిగే రెక్కలకు అందించే భాగం అది. దాంతో దేశంలోని సుమారు 330 ఏఎల్‌హెచ్‌లు నేలకు పరిమితమయ్యాయి. సైన్యం, వైమానిక దళం యంత్రాలకు మే నెలలో అనుమతి వచ్చింది. సముద్రం మీద తిరిగే నౌకాదళం, కోస్ట్ గార్డ్ యంత్రాలు అప్పటికి ఆగే ఉన్నాయి.

దీని తెలుగు తీరపు లెక్క చూడండి. విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో 2022 జులైలో ఏఎల్‌హెచ్ మార్క్-3లతో కొత్తగా 324 స్క్వాడ్రన్ పెట్టారు. 2024 జూన్‌లో అదే స్థావరంలో పాత యూహెచ్-3హెచ్ సీ కింగ్ హెలికాప్టర్లకు వీడ్కోలు పలికారు. ఏడు నెలలు తిరగకుండానే కొత్తవి కూడా నేలకు పరిమితమయ్యాయి. బంగాళాఖాతంలో తుపాను పుడితే ఉత్తరాంధ్ర మొదట తలుచుకునేది ఈ స్థావరాన్నే.

యంత్రాన్ని ఆపడం సరైన నిర్ణయం. అనుమానమున్న యంత్రాన్ని ఎగరనివ్వడం కంటే నేల మీద ఉంచడం వెయ్యి రెట్లు మేలు. నేనడిగేది ఆపిన తర్వాతి సంగతి. విడిభాగం మార్చితే యంత్రం తిరిగి లేస్తుంది. నెలల పాటు తాడు ముట్టుకోని వించ్ ఆపరేటర్, రాత్రి సముద్రం మీద హోవర్ చేయని పైలట్ ఆ ఉదయమే పాత స్థాయిలో ఉంటారా? సిమ్యులేటర్ పైలట్‌ను కొంతవరకు కాపాడుతుంది. తాడు బరువును, తడిసిన మనిషి బరువును, అల మీద ఊగే డెక్‌ను అది చూపించలేదు. హెలికాప్టర్లను తిరిగి అనుమతించినట్టే సిబ్బందిని కూడా మెట్టు మెట్టుగా తిరిగి అనుమతించే పద్ధతి, దానికి కావలసిన గంటలు, ఇంధనం ముందే కేటాయించి ఉండాలి.

2022 ఏప్రిల్ 2న మీరు హకీంపేట వచ్చారు, చేతక్ హెలికాప్టర్ అరవై ఏళ్ల వేడుకను ప్రారంభించారు. మేమంతా గర్వపడ్డాం. 1960ల నాటి నమూనా ఇంకా ప్రాణాలు కాపాడుతోందంటే గొప్పే. అయితే ఆ అరవై ఏళ్లూ దాన్ని విప్పి బిగించినవాళ్లు మోశారు. యంత్రం ముసలిదయ్యేకొద్దీ ఒక గంట ఎగరడానికి కింద పట్టే గంటలు పెరుగుతాయి. స్పేర్లు దొరకవు. అప్పుడు ఏం చేస్తారు? పక్కన నిలబడ్డ హెలికాప్టర్‌లోంచి ఆ భాగం పీకి దీనికి పెడతారు. కాగితం మీద ఒక యంత్రం బాగుపడింది. నిజానికి ఒకే పని రెండుసార్లు చేశారు, రెండుసార్లు పరీక్షించారు, రెండో యంత్రం షెడ్‌లో కూర్చుంది. నేను పనిచేసిన ఒక చోట, యూనిట్ పేరెందుకు, వించ్‌లు ఇలా చేతులు మారీ మారీ ఏ వించ్ ఏ యంత్రానిదో రికార్డు వెతికి పట్టుకోవడానికే సగం పూట పట్టేది. వర్షాకాలం మధ్యలో ఆ హడావిడిలో ఉండే కుర్రాడికి పైనుంచి ఫోన్ వస్తుంది: "ఎంతసేపట్లో రెడీ?" ఆ ఫోన్‌కు "కాదు సార్, ఈ తాడు నాకు నచ్చలేదు" అని చెప్పగలిగే ధైర్యాన్ని వ్యవస్థ ఇవ్వాలి. చెప్పినవాడిని మర్నాడు ఎవరూ అదోలా చూడకూడదు.

ఇంకొకటి. మన సైనిక విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలు బయటికి రావు. బ్రిటన్ రహస్యాలున్న చోట గీతలు కొట్టి మిగతాది ప్రచురిస్తుంది. అమెరికా వైమానిక దళం కూడా పెద్ద ప్రమాదాల నివేదికలు బయట పెడుతుంది. మనం పౌర విమాన ప్రమాదాలకు ప్రచురిస్తాం, సైనిక ప్రమాదాలకు ప్రచురించం. వరద సహాయంలో జరిగిన ప్రమాదంలో శత్రువుకు పనికొచ్చే రహస్యం ఎంతుంటుంది? దాంట్లోని పాఠం మాత్రం ఇంకో దళం హ్యాంగర్‌లో ఉన్న కుర్రాడికి పనికొస్తుంది.

అందుకని మీ ముందు నాలుగు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది: సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, కోస్ట్ గార్డ్ నాలుగూ మీ శాఖ కిందివే. ఏటా నైరుతి రుతుపవనాలకు ముందు, మే నెలాఖరులోగా, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి ఒక్క పేజీ ఇవ్వండి. ఏ తీరంలో, ఏ ప్రాంతంలో వించ్‌తో, సిబ్బందితో సహా సిద్ధంగా ఉన్న హెలికాప్టర్లు ఎన్ని? రాత్రి పని చేయగలిగినవి ఎన్ని? యుద్ధ రహస్యం అనుకుంటే అంకెలను సంఘం దాకే ఉంచండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చాలు, ఆ అంకె పెరుగుతుంది.

రెండోది: వించ్, తాడు, కొక్కెం, పట్టీలకు బడ్జెట్‌లో వేరే పద్దు పెట్టండి. కొత్త హెలికాప్టర్ కొనుగోలు ముందు ఈ చిన్న వస్తువులు ఎప్పుడూ వెనకబడతాయి. వరద వచ్చాక అత్యవసర కొనుగోళ్లంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

మూడోది: వించ్ ఆపరేటర్లకు, డైవర్లకు కనీస సాధన గంటలు నిర్ణయించి, వాటిని వేరే పనులకు మళ్లించకుండా చూడండి. ఏడాదికొకసారైనా గోదావరి, కృష్ణా జిల్లాల్లో రాష్ట్ర విపత్తు దళాలతో, రెవెన్యూ సిబ్బందితో కలిపి డ్రిల్ చేయించండి. హెలికాప్టర్ వస్తే పైకప్పు మీది రేకులు తీసేయాలని, కొక్కెం నేల తాకేదాకా పట్టుకోకూడదని, మొదట ఎవరిని పంపాలో ముందే అనుకోవాలని ఊళ్లో వీఆర్వోకు తెలిసినా సగం పని అయిపోతుంది.

నాలుగోది: సహాయ కార్యక్రమాల్లో, శిక్షణలో జరిగిన ప్రమాదాల నివేదికల్లో దాచాల్సింది దాచి, మిగతాది ప్రచురించండి.

వరద తగ్గాక పతకాలు ఇస్తారు. పైలట్‌కు, డైవర్‌కు ఇస్తారు, ఇవ్వాల్సిందే. ఆ జాబితాలోకి గ్రౌండ్ టెక్నీషియన్ పేరు కూడా ఎక్కిస్తే మా వాళ్లు సంతోషిస్తారు. అది ఐదో విన్నపమేమీ కాదు. మొదటి నాలుగూ చేస్తే మాకు పతకం ఇచ్చినట్టే.

రాబోయే మే నెలాఖరుకు ఆ ఒక్క పేజీ స్థాయీ సంఘం బల్ల మీద ఉంటుందని మీరు పార్లమెంటులో ఒక మాట ఇవ్వండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త హెలికాప్టరూ అక్కర్లేదు. మీ సంతకం చాలు.

ఇట్లు
మీ విధేయుడు
ఒక విశ్రాంత వైమానిక దళ టెక్నీషియన్
ఖమ్మం