స్కైలాబ్ నాడు మేకను కొన్నదెవరు?

వాడలో డెబ్బై ఏండ్లు దాటిన అవ్వను అడిగి చూడండి, "స్కైలాబ్ యాదికున్నదా?" అని. ముందు నవ్వుతుంది. 1979 జూలైలో మన పల్లెలు చావుకు తయారైనాయి. ఎట్లాగూ పోయేదే గదా, తిని పోదామని కోళ్లు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు. ఉన్నది అమ్ముకున్నోళ్లూ ఉన్నారు. ఆ ఏడు పుట్టిన బిడ్డకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నోళ్లూ ఉన్నారు. 2021లో దాని మీద సినిమా కూడా వచ్చింది. అందరూ నవ్వుకున్నారు, మేమూ నవ్వుకున్నాం. కానీ మా ప్రశ్న వేరే. ఆనాడు అగ్గువకు అమ్మిన మేకను కొన్నదెవరు? కొన్నవాడికి ప్రాణభయం లేదా? లేక వాడికి పేపరు చదవ వచ్చునా?

స్కైలాబ్ 1973 మే నెలలో అమెరికా ఆకాశంలోకి పంపిన ప్రయోగశాల. బరువు 77 టన్నులు. మూడు జట్ల మనుషులు అందులో ఉండి పనిచేసి, 1974 ఫిబ్రవరిలో దిగివచ్చారు. తర్వాత అది ఖాళీ కొంప. సూర్యుడి మీద అలజడి పెరిగి పైనున్న గాలి ఉబ్బింది. ఆ రాపిడికి అనుకున్నదానికంటే ముందే కిందికి జారింది.

ఎవరో ఒక మనిషికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క చెప్పింది. అది భూమ్మీద జనమందరికీ కలిపి చెప్పిన లెక్క. "నాకే తగులుతుందా?" అని అడిగితే జవాబు దాదాపు 60 వేల కోట్లలో ఒకటి. భయం వాడ దాకా నడిచి వచ్చింది. లెక్క పట్నంలోనే ఆగిపోయింది.

జూలై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ చుట్టుపక్కల పడ్డాయి. ఒక్క మనిషికీ దెబ్బ తగలలేదు. మా ఊళ్లో చెత్త పోశారని ఎస్పెరాన్స్ స్థానిక పాలకులు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు! (మన పంచాయతీలకు అంత ధైర్యం ఎప్పుడొస్తదో.)

ఎక్కడ పడేదీ ముందే ఎందుకు చెప్పలేరు? గంటన్నరకొకసారి భూమిని చుట్టివచ్చే వస్తువది. లెక్క అరగంట తప్పితే పడే చోటు సుమారు 14 వేల కిలోమీటర్లు మారిపోతది. రెండు రోజుల ముందే ఫలానా ఊరు అని ఎవడన్నా చెప్పిండంటే నమ్మకండి.

ఈ విద్య పెద్ద ఆఫీసుల సొత్తు కూడా కాదు. ఇంగ్లండులో కెటరింగ్ అనే ఊళ్లో జెఫ్రీ పెర్రీ అని ఫిజిక్సు పంతులు ఉండేవాడు. బడిపిల్లలను వెంటబెట్టుకొని రేడియోలో రష్యా ఉపగ్రహాల చప్పుడు వినేవాడు, టైము రాసేవాడు. అంతే పని. 1966లో ఆ పిల్లలూ పంతులూ కలిసి, రష్యా దాచిపెట్టిన ప్లెసెట్స్క్ ప్రయోగకేంద్రాన్ని లోకానికి పట్టిచ్చారు. రష్యా దాన్ని ఒప్పుకున్నది 1983లో!

అట్లాంటి వాళ్లు ఇప్పుడూ ఉన్నారు. 1972లో శుక్రగ్రహానికని బయలుదేరి భూమి చుట్టే చిక్కుకుపోయిన రష్యా కాస్మోస్ 482, 2025 మే నెలలో పడబోతున్నదని గోల లేచింది. బరువు అర టన్ను. నెదర్లాండ్స్‌లో మార్కో లాంగ్‌బ్రూక్ వంటి ఆకాశం చూసేవాళ్లు రోజూ లెక్క కట్టి, ఇన్ని గంటలు అటూ ఇటూ అని తేడాతో సహా చెప్పారు. ఆ తేడా చెప్పడమే నిజాయితీ. మే 10న హిందూ మహాసముద్రంలో పడిందని రష్యా ప్రకటించింది.

ఈ గోల మళ్లీ వస్తది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువు 400 టన్నుల పైమాటే. 2030 దాటినాక దాన్ని పసిఫిక్ సముద్రంలోకి దించాలని నాసా ఆలోచన. అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే పిల్లలకు చూపించండి. పొద్దుగూకినంక గానీ, తెల్లారకముందు గానీ, మినుకుమినుకుమనకుండా, పెద్ద చుక్కలాగా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోతది. ఏ దిక్కున పుట్టింది, ఏ దిక్కున మాయమైంది, ఎన్ని గంటలకు అన్నది నోటుబుక్కులో రాయించండి. రాత్రిబడి నడిపే కార్యకర్తలకు ఇది పైసా ఖర్చులేని పాఠం.

ఇంకొక పని కూడా ఉంది. 1979లో మీ వాడలో ఎవరు ఏం అమ్మారు, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు? పెద్దోళ్లను అడిగి రాసి పంపండి. వచ్చిన ఉత్తరాలు రాబోయే సంచికల్లో వేస్తాం.