పన్నుకు లేని అర్హత పథకానికెందుకు?

"మీకేం, అన్నీ ఉచితమే. మేం కట్టే పన్నులతో బతుకుతున్నారు." సూర్యాపేట బస్టాండులో, కోదాడ హోటళ్లలో, ఆఖరికి స్టాఫ్‌రూముల్లో కూడా తండా బిడ్డలమైన మేము ఈ మాట వింటూనే ఉన్నాం. ఇన్నాళ్లూ తల దించుకున్నాం. ఇక లెక్క చెప్తాం.

పన్ను కట్టని ఇల్లు మా తండాల్లో ఒక్కటీ లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి సబ్బు కొన్నా, పిల్లలకు బిస్కెట్ పొట్లం కొన్నా కడుతూనే ఉన్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు మీద 18 శాతం 5కు దిగింది. నోటుబుక్కుల మీద పూర్తిగా తీసేశారు. మంచిదే. కానీ సిమెంటు మీద 28 నుంచి దిగి 18 దగ్గరే ఆగింది.

సిమెంటు ఫ్యాక్టరీలేమో మన పక్కనే, మేళ్లచెరువులో, మఠంపల్లిలో, వాడపల్లిలో ఉన్నాయి. ఇందిరమ్మ ఇంటికి సర్కారు 5 లక్షలిస్తుంది. ఆ ఇంటికి లక్ష రూపాయల సిమెంటు, ఇనుము తెస్తే పైన 18 వేలు పన్ను. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. రోజుకు 307 రూపాయల ఉపాధి కూలితో చూస్తే అది 58 రోజులకు పైబడిన కష్టం. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకునేదాన్ని ఉచితం అందామా?

తీసుకునేటప్పుడు ఆధార్ అడగరు, జాబ్‌కార్డు అడగరు. ఇచ్చేటప్పుడే షరతులన్నీ గుర్తొస్తాయి. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు అన్నారు. 2023-24లో 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నారు. ఆ ఏడు మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లు, హైదరాబాదుకు ఇటుక పనికి పోయినవాళ్లు కూలీలు కారా? పది గుంటలున్నా ఆ పథకం రాదు. రైతు భరోసా ఎకరానికి 12 వేలు కాబట్టి పది గుంటలకు వచ్చేది 3 వేలే. కౌలుదారుకు అదీ లేదు. పట్టణంలో కలిపిన తండాకు ఉపాధి పనే లేదు.

2025 డిసెంబరులో వచ్చిన కొత్త ఉపాధి చట్టం 125 రోజుల పని అంటుంది. నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా ఆపొచ్చనీ అంటుంది. ఎడమ కాల్వ కింద వరి కోసేది ఇప్పుడు మిషన్లే. కోతలున్నాయని ఉపాధి ఆపితే మా చేతులకు పనెవరిస్తారు?

షరతుల్లేకుండా ఇవ్వడం చేతకాదా? 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యాన్నే చూడండి. కార్డులో పేరుంటే మనిషికి 6 కిలోలు. ఎన్ని రోజులు మట్టి తవ్వావని డీలరు అడగడు. అందుకే ఆ బియ్యం మా కుండల్లోకి వచ్చింది. అన్ని పథకాలకూ అదే దారి కావాలి.

తోటి టీచర్లకు మా మాట ఒక్కటే: శాతాల పాఠం చెప్పే రోజు పిల్లలతో కిరాణా బిల్లులు తెప్పించండి. వాళ్లమ్మ కట్టిన పన్నెంతో వాళ్లనే లెక్క కట్టనివ్వండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభకు ఆ లెక్క పట్టుకుని పోండి. చేతులు జోడించకండి, మన డబ్బు గురించి మనం అడుగుతున్నాం.