అంకెలు లేని శిలలు

స్టాక్‌హోమ్‌కు ఉత్తరాన ఓర్కెస్టా చర్చి దగ్గర 11వ శతాబ్దపు రాయి ఒకటి ఉంది. ఉల్ఫ్ అనే వైకింగు ఇంగ్లండులో మూడుసార్లు కప్పం పుచ్చుకున్నాడని దాని మీద రూన్ లిపిలో చెక్కారు. మొదట పంచిపెట్టినవాడు టోస్టి, తర్వాత థోర్కెటిల్, ఆ తర్వాత క్నూట్. ఎంత పంచారో మాత్రం రాయలేదు. ఆ ఎంతన్నది ఇంగ్లండు వాళ్లు రాసిపెట్టుకున్నారు. 1018లో క్నూట్‌కు 72,000 పౌండ్ల కప్పం కట్టామనీ, లండన్ నగరం ఇచ్చింది అదనమనీ ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ చెబుతుంది. ఎందరు రైతుల కష్టం కరిగితే అంత వెండి పోగైందో! ఉల్ఫ్ వైపువారికి ఇచ్చిన నాయకుల పేర్లే ముఖ్యమయ్యాయి.

వైకింగుల కాలానికి రూన్ అక్షరాలు 24 నుంచి 16కు తగ్గాయి. వాటిలో అంకెలకు విడిగా గుర్తులు లేవు. మూడు అని చెప్పాలంటే ఆ మాటను అక్షరాలతో చెక్కాల్సిందే. అలాగని లెక్క తెలియనివారేం కాదు. వెండి కడియాలను ముక్కలుగా నరికి, చిన్న త్రాసుల్లో తూచి బేరాలు చేసినవారు. వాళ్లు వంద అంటే చాలాచోట్ల 120 అనే అర్థం. వాళ్ల పాత నార్స్ భాషలోని కథల్లో రెండు వందల మంది అని కనిపిస్తే అందుకే ఆగి ఆలోచించాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది స్వీడన్‌లోనే ఉన్న రోక్ శిల. 9వ శతాబ్దానిది, దాదాపు 760 రూన్‌లున్నది. అంకెకు గుర్తే లేని ఈ లిపిలో అక్షరాలను దాచడానికి లెక్కనే వాడుకున్నారు. రూన్‌లను మూడు వర్గాలు చేసి, ఎన్నో వర్గం, అందులో ఎన్నో అక్షరం అని గీతల సంఖ్యతో సూచించారు. ఆ గీతలు లెక్కపెట్టి చదవగలవాళ్లు ఉంటారన్న నమ్మకంతోనే కదా, ఇంత కష్టపడి చెక్కింది!

రూన్‌లే అంకెల పని చేయడం వైకింగుల తర్వాతి ముచ్చట. చంద్రుడి తిథులు మళ్లీ అవే తేదీలకు వచ్చేది 19 ఏళ్లకోసారి. పౌర్ణమి, అమావాస్యలు తెలుసుకోవాలంటే పంచాంగంలో ఆ 19 ఏళ్లకూ 19 గుర్తులు కావాలి. ఉన్నవి 16. మరో మూడు కొత్తగా కల్పించుకున్నారు. అలాంటి కర్ర పంచాంగాలను స్వీడన్ రైతులు 18వ శతాబ్దంలో కూడా చెక్కుకుంటూనే ఉన్నారు.