లైన్ తెగితే లాగిన్ ఎందుకు పోవాలి?

మొన్న ఆళ్లగడ్డ నుంచి మా ఆపా ఫోన్ చేసింది. గొంతు నిండా పరేషానీ. బిడ్డ స్కాలర్‌షిప్ ఫారం ఫోన్‌లో ముప్పావు గంట కూర్చుని నింపిందట. మధ్యలో సిగ్నల్ పోయి వచ్చింది. చివర్లో సబ్మిట్ నొక్కితే 'సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి' అని వచ్చింది. రాసిందంతా బర్బాద్. ఆఖరు తేదీకి ఇంకొక్క రోజే. తెల్లారి పని మానుకుని బస్సెక్కి నంద్యాల నెట్ సెంటర్‌కు పరుగెత్తింది. "నాకు చదువు రాక ఏదో తప్పు నొక్కానేమో భయ్యా" అంది.

కసూర్ ఆమెది కాదు.

రంజాన్ ముందు దర్జీ దుకాణం యాద్ చేసుకోండి. కొలతలు పుస్తకంలో రాసుకుంటాడు, చేతికి చీటీ ఇస్తాడు. మనం బయట చాయ్ తాగొస్తే మళ్లీ కొలతలు అడగడు. వెబ్ సర్వర్‌కు సొంతంగా యాద్ ఉండదు, ప్రతిసారీ మనల్ని కొత్తవాళ్లలాగే చూస్తుంది. అందుకే 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మొంటులీ 'కుకీ' అనే చీటీ తెచ్చాడు. పుస్తకంలో మన పేజీ సెషన్. మనం దుకాణంలో నిలబడటం కనెక్షన్. సిగ్నల్ పోతే తెగేది కనెక్షనే. పేజీ చిరగాల్సిన పని లేదు.

మరి ఎందుకు చిరుగుతోంది? ఎవరూ మార్చకపోతే పీహెచ్‌పీలో సెషన్ గడువు 24 నిమిషాలు, టామ్‌క్యాట్‌లో 30. మామూలు ఫారంలో మనం ఎంత టైపు చేస్తున్నా సబ్మిట్ నొక్కేదాకా సర్వర్‌కు ఖబర్ అందదు. మనిషి లేచి వెళ్లాడనుకుంటుంది. కొన్నిచోట్ల సెషన్‌ను ఒకే మిషన్ మెమరీలో పెడతారు. రద్దీలో మనల్ని పక్క మిషన్‌కు పంపితే అక్కడి పుస్తకంలో మన పేరే ఉండదు.

గడువే వద్దనను. నెట్ సెంటర్‌లో లాగౌట్ కాకుండా లేచొస్తే మన చీటీ వెనకొచ్చేవాడి చేతిలో పెట్టినట్టే. హిఫాజత్ కావాల్సిందే. కానీ గడువు ముగిసేముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇచ్చే పద్ధతిని డబ్ల్యూ3సీ 2008లోనే తన నియమాల్లో రాసిపెట్టింది. రాసినంతవరకు డ్రాఫ్టుగా దాచడమూ పెద్ద ముష్కిల్ కాదు.

మన ఇళ్ల బిడ్డలు ఎందరో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్నారు. వాళ్లకు నాదొక్కటే గుజారిష్. మీ సైటును ఆఫీసు వైఫైలోనే పరీక్షించకండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని ఒక్క ఫారం నింపి చూడండి. ఒక తల్లి ముప్పావు గంట కష్టపడి రాసింది మీ దగ్గర అమానత్.