ఆరోగ్య వేదిక: కొండమీద దాచరాని తలనొప్పి

దసరా సెలవులు సమీపిస్తున్నాయంటే మన ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలలో ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. ఒకప్పుడు ఆ ప్రయాణం శ్రీకాకుళానికో, విజయనగరానికో, సొంత ఊరికి మాత్రమే. ఇప్పుడు మథురాకాటి, నింపురా పిల్లల చూపు ఉత్తరపు కొండలమీద పడింది. “సందక్‌ఫూ వెళ్దామా నాన్నా?” అని అడుగుతున్నారు. తప్పక వెళ్లండి. అయితే వెళ్లేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

సందక్‌ఫూ డార్జిలింగ్ జిల్లాలో, నేపాల్ సరిహద్దున, సింగలీలా పర్వతశ్రేణిపై ఉంది. పశ్చిమ బెంగాల్‌లో అంతకు మించిన ఎత్తు లేదు: 3,636 మీటర్లు. మన పట్టణం సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోకెల్లా ఎత్తయిన రైల్వే స్టేషన్ ఘూమ్ 2,258 మీటర్లు. సందక్‌ఫూ దానికంటె ఇంకా 1,378 మీటర్లు పైన. గాలిలో ప్రాణవాయువు పాలు అంతటా ఒకటే, సుమారు 21 శాతం. కాని పైకి పోయిన కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సందక్‌ఫూలో అది మనకున్న దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కనుక ఒక్కొక్క శ్వాసతో లభించే ప్రాణవాయువు కూడా ఆమేరకు తగ్గుతుంది. ఈ మార్పునకు అలవాటు పడడానికి దేహానికి కొన్ని రోజుల వ్యవధి కావాలి.

కొన్నేళ్ల క్రితం మేము మానేభంజన్ నుండి కాలినడకన బయలుదేరాము. మూడవనాడు కాలిపోఖ్రి చేరేసరికి నాకు తల పగిలిపోతున్నట్లున్నది. పిల్లల ఎదుట చిన్నతనమని నోరు విప్పలేదు. రాత్రి పళ్లెంలో అన్నం అలాగే వదిలివేయడం గమనించి మా మార్గదర్శి, “తలనొప్పా బాబూ?” అని అడిగాడు. ఇక దాచలేకపోయాను. “అయితే రేపు పైకి వద్దు” అన్నాడు. మరునాడు మిగిలినవారు శిఖరానికి వెళ్లగా నేనక్కడే విశ్రమించాను. ఆనాడు కలిగిన సిగ్గు ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. ఆ మర్నాటికి నొప్పి తగ్గింది. అప్పుడు నెమ్మదిగా ఎక్కి కాంచనగంగను కన్నులారా చూశాను.

సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, తలతిరుగుడు, నిద్రపట్టకపోవడం ఎవరికైనా కలుగవచ్చు. వయస్సుతోను, కండబలంతోను దీనికి నిమిత్తం లేదు. ఫుట్‌బాల్ ఆడే కుర్రవాడు కూలబడవచ్చు, వాళ్ల నాయనమ్మ నిక్షేపంగా ఉండవచ్చు. లక్షణాలు ఉండగా పైకి పోరాదు. విశ్రాంతితో తగ్గకుండా ముదిరితే వెంటనే కిందికి దిగాలి. నడకలో తూలడం, మాట తడబడడం, కూర్చున్నా ఆయాసం రావడం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు తెల్లవారే వరకు వేచి ఉండరాదు, రోగిని ఒంటరిగా పంపరాదు.

3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం మేలు. జీపులో ఒక్కరోజులోనే శిఖరం చేరడం సుఖమే గాని, దేహానికి అలవాటుపడే గడువు దక్కదు. మద్యం, నిద్రమాత్రలు ముట్టరాదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, ముందుజాగ్రత్తగా మందు కోరేవారు వైద్యుని సంప్రదించాలి.

చిన్న బాధలకు చిన్న ఉపాయాలు చాలు. కొత్త బూట్లు ఇక్కడే నెలరోజులు తొడిగి నడవండి. పాదం ఒరుసుకుపోతున్నట్లు తోచగానే ఆగి పట్టీ వేయండి. పొక్కు లేచేదాకా ఆగవద్దు. మేజోళ్లు తడిస్తే మార్చండి. మన ఊళ్లో కొండలు లేవన్న దిగులు వద్దు, మెట్లు ఉన్నాయి. ప్రతి సాయంత్రం వీపున సంచితో అరగంట మెట్లు ఎక్కి దిగడం మంచి సాధన.

ఈ సందర్భంలో మల్లి మస్తాన్ బాబును స్మరించుకోవాలి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టి, మన ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన ఆయన 2006లో 172 రోజుల వ్యవధిలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించారు. అంతటి అనుభవశాలి 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా సాగించిన యాత్రలో అసువులు బాశారు. కొండల ముందు ఎంతటివారైనా అణకువతో మెలగవలసిందే.

శిఖరం ఎక్కడికీ పోదు. వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. మనం ఇంటికి క్షేమంగా తిరిగిరావడం ముఖ్యం. నొప్పి ఉంటే తోటివారికి చెప్పండి. చెప్పినవారిని చూచి నవ్వకండి.