నుమాయిష్ గేటు దగ్గర 2 సెకన్ల లెక్క.. తప్పితే క్యూ లైనే ముప్పు!

హైదరాబాద్‌: నుమాయిష్‌కి వెళ్లినవాళ్లందరికీ ఈ సీన్ తెలిసిందే. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌, ఆదివారం సాయంత్రం. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఫోన్‌కి బీప్‌, తాళాలకి బీప్‌, చిల్లరకి బీప్‌. అందరికీ మోగే అలారం ఎవరికీ మోగనట్టే! ఈలోపు బయట రోడ్డు మీద జనం పెరిగిపోతుంటారు. మరి వాళ్ల భద్రత సంగతేంటి?

గతం ఏం చెబుతోంది?

2007 ఆగస్టు 25న కోఠి గోకుల్ చాట్‌, లుంబినీ పార్క్‌. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌. మూడుచోట్లా దాడి జరిగింది జనం గుమిగూడిన చోటే. అంటే గేటు లోపల ఎంత పకడ్బందీగా ఉన్నా, గేటు బయట చాంతాడంత క్యూ ఉంటే కొత్త ముప్పు తెచ్చుకున్నట్టే.

లెక్క ఇదీ..

ఉదాహరణకు 5 లైన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరి తనిఖీకి 6 సెకన్లు. నిమిషానికి 50 మంది లోపలికి వెళ్తారు. వచ్చేది 60 మంది అయితే? గంట తిరిగేసరికి బయట 600 మంది! అదే తనిఖీ 4 సెకన్లకు తగ్గితే నిమిషానికి 75 మంది వెళ్లిపోతారు, క్యూ పేరుకుపోదు. బ్యాగు లేనివాళ్లకి వేరే లైను, ఫోన్లు పెట్టడానికి ట్రే.. ఆ 2 సెకన్లు ఇక్కడే మిగులుతాయి. 1909లో డెన్మార్క్ ఇంజినీర్ ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ కోసం మొదలుపెట్టిన క్యూ సిద్ధాంతం ఇదే.

మరి అబిడ్స్‌లో?

ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల బజారుకి గేటే లేదు. అక్కడ పనికొచ్చేది గేమ్ థియరీ. 2007లో లాస్ ఏంజిలిస్ ఎయిర్‌పోర్టులో మిలింద్ తంబే బృందం తయారుచేసిన 'ఆర్మర్‌' సాఫ్ట్‌వేర్‌ చెక్‌పోస్టులు, జాగిలాల గస్తీ ఎప్పుడు ఎక్కడ ఉండాలో లాటరీలా మార్చేది. ముఖ్యమైన చోట్లకి ఎక్కువసార్లు, కానీ టైమ్ మాత్రం ఎవరూ ఊహించలేరు. రోజూ ఒకే వేళకి వచ్చే గస్తీని ఎవరైనా నాలుగు రోజుల్లో పసిగట్టేస్తారు కదా!

ఇందులో ఇంకో లాభం ఉంది. ఎవరిని ఆపాలో లాటరీ తేలిస్తే, మొహం చూసో బట్టలు చూసో ఆపారన్న మాట రాదు. పాతబస్తీ పక్కనే ఉన్న నాంపల్లిలో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒక్క హెచ్చరిక. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు చెలరేగినప్పుడు జనం బయటికి పరుగులు తీశారు. కాబట్టి లోపలికి పంపే లెక్కతో పాటు బయటికి పంపే లెక్క కూడా వేయాల్సిందే. ఇవన్నీ వేయాలంటే ముందు కావాల్సింది కొత్త మెషీన్ కాదు.. ఏ గేటుకి, ఏ గంటలో, ఎంతమంది వస్తున్నారన్న లెక్క!