పెనం మీద చందువ

పాఠకులు నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు పాఠం చెబుతున్న నేను మొన్న ఆదివారం రాత్రి చేప వేయించాను. అదీ ఫ్రెంచివారి పద్ధతిలో!

వేయించక తప్పలేదు. మా అక్క కూతురూ, దాని మొగుడూ ఫ్రాన్సునుంచి వచ్చారు. అతనిది నాంత్ పట్నం. అక్క నా దగ్గరే ఉంటుంది కనుక అతనికి అత్తవారిల్లు మాదే. రావడం ఇదే మొదలు. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. బావగారు పోయిన దగ్గర్నుంచీ అక్క నీచు ముట్టదు. ఇక మిగిలింది తెలుగు పండితుడు.

"పది నిమిషాల పని, మామయ్యా. నేను చెబుతూంటాను, నువ్వు చెయ్యి" అంది మేనకోడలు.

ఈ వంటకం పేరు మ్యూనియేర్. పిండిమర వాడి భార్య అని అర్థమట. ఆవిడ ఇంట్లో పిండికి కొదవేమిటి? చేపకు కాస్త అద్ది వెన్నలో వేయించేసింది. వాళ్ళు సోల్ అనే బల్లపరుపు చేప వాడతారు. నాకు దొరికింది చందువ. ముల్లు తీయించి పలకలుగా కోయించాను. అల్లంవెల్లుల్లీ లేవు, కారం లేదు. ఉప్పూ మిరియాలపొడీ, అంతే. చేప పాతదైతే దాక్కోడానికి చాటు లేదన్నమాట.

ముక్కల్ని గుడ్డతో బాగా అద్దాలి. తడి ఉంటే చేప వేగదు, ఉడుకుతుంది. మైదా పలచగా అద్ది, ఎక్కువైంది దులిపెయ్యాలి. పెనం మీద నూనె బాగా కాగాక ముక్క వేసి మూడు నిమిషాలు ముట్టుకోకూడదు. నేను ఒకటిన్నర నిమిషానికే గరిట పెట్టాను. మొదటి ముక్క చిరిగింది. (అది తరవాత నేనే తిన్నాను.) తిరగేశాక రెండు నిమిషాలు చాలు.

ముక్కలు తీసేసి, నూనె వంపేసి, అదే పెనంలో వెన్న వెయ్యాలి. నురుగు వచ్చి, అణిగి, అడుగున మడ్డి ఎర్రబడుతుండగా ఇల్లంతా కమ్మటి వాసన. గదిలోంచి అక్క కేకేసింది: "ఒరేయ్, నెయ్యి దించెయ్, మాడుతుంది!" సరిగ్గా అదే క్షణమట. నిమ్మరసం పిండి, కొత్తిమీర చల్లి, చేప మీద పోసేశాను.

అప్పుడు అల్లుడు సంచీలోంచి సీసా తీశాడు. మస్కడే. వాళ్ళ ఊరి చుట్టుపక్కల తోటల తెల్లద్రాక్ష వైను. చలికాలమంతా మడ్డి మీదనే ఉంచి తీస్తారట. తీపి ఉండదు, పలచగా పుల్లగా ఉంటుంది, చల్లగా తాగాలి. చేపకు నిమ్మకాయ చేసే పనే ఇదీ చేస్తుంది. ఎర్రవైనైతే, అందులోని ఇనుము చేపనూనెతో చేరి నోట్లో నీచు కొడుతుందట. అతను ఉత్సాహంగా చెబుతున్నాడు. మేనకోడలు మొహం పాలిపోయింది.

అక్క గుమ్మంలో నిలబడి సీసా చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బావగారు దేనివల్ల పోయారో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు.

నా నోటి చివర ఒక మాట ఉంది. అక్క రోజూ రెండుపూటలా పుచ్చుకునే ద్రాక్షారిష్టం ఏమిటనుకున్నారు? ద్రాక్ష కషాయాన్ని పులియబెట్టిందే. కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా అయితే ఆసవం. క్లాసులో అయితే ఈ మాటకి పిల్లలు ఘొల్లుమనేవారు. కాని అక్కది వాదన కాదు. అర్ధరాత్రుళ్ళు తలుపు తీసిన చేతులు ఆవిడవి. ఊరుకున్నాను.

మేనకోడలు వాళ్ళ భాషలో మెల్లగా ఏదో చెప్పింది. అతను ఎర్రబడి సీసా నాకిచ్చేశాడు. ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక పెట్టాను. చేప పల్చటి మజ్జిగతో తిన్నాం. పులుపు పులుపే గనక మరీ అన్యాయం ఏమీ జరగలేదు.

వాళ్ళు వెళ్ళి వారమైంది. సీసా అక్కడే ఉంది. ఈ ఉదయం అక్క పెరుగు తీయడానికి వచ్చి, దాన్ని పక్కకి జరిపి, గిన్నె తీసుకుని, మళ్ళీ యథాస్థానంలో పెట్టింది.

"అల్లుడుగారు మళ్ళీ ఎప్పుడొస్తారన్నార్రా?" అంది.